‘బాగున్నది’ అని మూడుసార్లు రాశాను

2016 ఎండాకాలం మొదట్లో మా కంపెనీ నన్ను కరీంనగర్ ఆఫీసు నుంచి మందమర్రి దగ్గరి క్యాంపుకు వర్క్‌షాప్ ఇంజినీరుగా వేసింది. అప్పటికి నాకు యాభై మూడేళ్లు. డీజిల్ ఇంజన్లతో ముప్పై ఏళ్ల సావాసం. చప్పుడు వింటే చాలు జబ్బేమిటో చెప్పగలనని నాకు నేనే పేరు పెట్టుకున్న రోజులవి. ఆ పేరు ఎట్లా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రిటైరై కొన్నేళ్లయినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సగం మంట ఆ క్యాంపు మీద, సగం నా మీద.

ఓపెన్ కాస్ట్ గనిలో బొగ్గు తీయాలంటే ముందు దాని మీదున్న మట్టి, రాయి తొలగించాలి. ఆ పని ప్రైవేటు కాంట్రాక్టర్లు చేస్తారు. మాదీ అలాంటి కంపెనీయే. గని అడుగున ఎక్స్‌కవేటర్ మట్టి నింపుతుంది, టిప్పర్ ఆ మట్టితో వాలు రోడ్డు ఎక్కి పైన గుట్టగా పోసి, ఖాళీగా దిగి వస్తుంది. రోజుకు మూడు షిఫ్టులు, దుమ్ముకు మాత్రం విరామం లేదు. క్యాంపు మొత్తానికి పైఅధికారి ప్రాజెక్ట్ మేనేజరు. యంత్రాల బాధ్యత నాది. నా కింద ఫోర్‌మన్, అతని కింద మెకానిక్‌లు. టిప్పర్ నడిపేవాళ్లను ఆపరేటర్లు అంటారు. వాళ్లు షిఫ్ట్ ఇన్‌ఛార్జి కింద ఉంటారు, నా కింద కాదు. బండిలో ఏదైనా లోపం కనబడితే ఆపరేటరు లాగ్‌బుక్కులో రాయాలి. మేం చూసి, దాని కిందే జవాబు రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం నాది.

మా ఫోర్‌మన్ జబ్బార్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. మంథని లారీ షెడ్లలో పని నేర్చుకుని, మెట్టుమెట్టుగా పైకొచ్చిన మనిషి. నాకంటే ఐదారేళ్లు పెద్ద. స్పానర్ పట్టుకుంటే అది అతని చేతి వేలిలాగే ఉండేది. నేను డిప్లొమా చదివి నేర్చుకున్నది అతను చెవితోనూ వేళ్లతోనూ నేర్చుకున్నాడు. ఒకరి మీద ఒకరికి గౌరవం ఉండేది. ఈ కథలో అతన్ని తప్పుబట్టే చోటు ఒకటి వస్తుంది. నాకంటే ముందు తనను తాను తప్పుబట్టుకున్నదీ అతనేనని ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను.

ఆపరేటరు పేరు పోశం. బెల్లంపల్లి మనిషి. తండ్రి బాయిలో, అంటే భూగర్భ గనిలో, పనిచేసి దిగిపోయాడు, పాత బాయిలు మూతపడ్డాక కొడుక్కు అక్కడ పని లేకుండా పోయింది. హెవీ లైసెన్సు తీసుకుని మా దగ్గర చేరాడు. నలభై ఏళ్లుంటాయి. మాట తక్కువ, అడిగిన దానికి తిన్నగా జవాబు చెప్పే రకం. ఈ రెండో గుణం మేనేజర్లకు నచ్చదు.

ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో పోశం తన టిప్పర్ లాగ్‌బుక్కులో మూడుసార్లు ఒకే ఫిర్యాదు రాశాడు: ‘స్లో నిలవడ్తలేదు. కాలు తీస్తే బందైతుంది.’ అంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజను నిదానంగా తిరుగుతూ (దీన్నే ఐడిలింగ్ అంటాం) నిలబడాల్సింది పోయి, తడబడి ఆగిపోతోందని. మూడుసార్లూ బండి వర్క్‌షాప్‌కు వచ్చింది. మూడుసార్లూ ఉస్తాద్ బానెట్ తెరిచి, అటూ ఇటూ చూసి, స్టార్ట్ చేయమన్నాడు. నిమిషానికి ఏడు వందల చుట్ల దగ్గర మీటరు ముల్లు కదలకుండా నిలబడింది. పక్కన నిలబడి నేనూ విన్నాను. లాగ్‌బుక్కు తెప్పించుకుని మూడుసార్లూ నా చేత్తో రాశాను: ‘చెక్ చేయబడినది. బాగున్నది.’

మూడోసారి పోశం నా వైపు చూసిన చూపు గుర్తుంది. బండెక్కి వెళ్లిపోయాడు. ఆ చూపును నేను పొగరనుకున్నాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ టిప్పర్ గనిలోకి ఖాళీగా దిగుతూ, కింది మలుపు దగ్గర రోడ్డు తిరగకుండా నేరుగా వెళ్లి, రోడ్డు పక్కన రక్షణగా పోసిన మట్టికట్ట ఎక్కి, ఎడమ వైపు పడిపోయింది. కట్ట లేకపోతే అరవై అడుగుల కిందికి పోయేది. కింద, గనిని మెట్టుగా కోసిన చోట, సర్వే పని చేస్తున్న ఇద్దరు మనుషులున్నారు. వాళ్లకేమీ కాలేదు. పోశం ఎడమ భుజం ఎముక విరిగింది.

పోశం చెప్పింది ఇది. మలుపు దగ్గర క్లచ్ తొక్కి గేరు దించబోతుంటే ఇంజను ఆగిపోయింది. ఇంజను ఆగితే పవర్ స్టీరింగ్ పనిచేయదు, అంత బండి స్టీరింగ్ చేతులతో తిప్పడం మనిషి వల్ల కాదు. బ్రేకు తొక్కాడు, ట్యాంకులో గాలి ఉంది కాబట్టి పట్టింది. ఆగేలోపు కట్ట ఎక్కేసింది. మొత్తం ఆరేడు క్షణాల పని.

మేనేజరు నమ్మలేదు. ఆయన వాదన వినడానికి బాగానే ఉండేది. దిగుడులో కొందరు ఆపరేటర్లు గేరు తీసేసి, తాళం తిప్పి ఇంజను ఆపేసి, బండిని వదిలేస్తారు. డీజిల్ మిగులుతుంది. అది ప్రాణాంతకమైన అలవాటని అందరికీ తెలుసు. పోశం అదే చేశాడని ఆయన తీర్పు. తాళం చెవి ఏ స్థితిలో ఉందో చూద్దామంటే, బండి పడగానే పోశమే మంటలకు భయపడి తాళం ఆపేసి బయటికి పాకాడు. అది చేయాల్సిన పనే, శిక్షణలో మేం నేర్పిందే. దాన్నే ఆయన సాక్ష్యం చేసుకున్నాడు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన ఎత్తలేదు, నేను ఎత్తుతాను. క్యాంటీన్ గోడకు ఆయనే ఒక బోర్డు పెట్టించాడు. ఏ ఆపరేటరు ఎంత డీజిల్ తాగించాడో వారం వారం అందులో రాసేవారు. తక్కువ తాగించిన వాళ్ల పేర్లు పచ్చ రంగులో, ఎక్కువ తాగించిన వాళ్లవి ఎర్ర రంగులో. పచ్చ పేర్లను షిఫ్టు మొదట్లో అందరి ముందూ చదివి చప్పట్లు కొట్టించేవారు. ఎర్ర పేర్లకు ఆదివారం సెలవు అడిగే ముఖం ఉండేది కాదు. మనుషుల్ని అట్లా నిలబెట్టి, తర్వాత దిగుడులో ఇంజను ఎందుకు ఆపావని అడగడం ఏం న్యాయమో నాకు ఆనాడు తట్టలేదు. తట్టినా అడిగేవాణ్ణి కాదేమో.

విచారణ కమిటీలో ముగ్గురం: మేనేజరు, మా క్యాంపు సేఫ్టీ ఆఫీసరు, నేను. ఇంజను పరీక్షించి నివేదిక ఇవ్వడం నా వంతు. టిప్పర్‌ను క్రేనుతో లేపి వర్క్‌షాప్‌కు తెచ్చారు. బాడీ, క్యాబిన్ నొక్కుకుపోయాయి కానీ ఇంజనుకు దెబ్బ తగల్లేదు. ఆయిలు, నీళ్లు చూసి, ఉస్తాద్ పంపు దగ్గర చెయ్యి పెట్టి సర్ది, స్టార్ట్ అన్నాడు. ఇంజను ఎప్పటిలాగే ఏడు వందల దగ్గర నిలబడింది. ఇరవై నిమిషాలు తిప్పాం. నేను రెండు వాక్యాలు రాశాను: ‘ఐడిలింగ్ స్థిరంగా ఉన్నది. ఇంజను దానంతటదే ఆగే లోపమేదీ కనబడలేదు.’ సంతకం, తేదీ. మనిషి బతుకును తేల్చే కాగితం మీద నేను పెట్టిన సమయం ఇరవై నిమిషాలు.

పోశం గేట్ పాస్ తీసుకున్నారు. గనిలోకి అడుగుపెట్టాలంటే ఆ పాస్ ఉండాలి. తప్పు తేలితే పాస్ రద్దవుతుంది, రద్దయినవాడి పేరు అన్ని కాంట్రాక్టు క్యాంపులకూ వెళ్తుంది. ఒకసారి ఆ పట్టీకి ఎక్కినవాడు ఇటు మందమర్రిలోగానీ అటు బెల్లంపల్లిలోగానీ మళ్లీ ఏ గనిలోనూ బండెక్కలేడు. తెలిసిన పని ఆ ఒక్కటే అయినవాడికి అంతకంటే పెద్ద శిక్ష వేయక్కర్లేదు.

భుజానికి కట్టుతో పోశం రోజూ గేటు బయటి చాయ్ హోటల్ దగ్గర కూర్చునేవాడు. నేను నాలుగో రోజున చాయ్‌కి వెళ్లినప్పుడు లేచి నిలబడ్డాడు. ఏడుపు, బతిమాలడం ఏమీ లేవు. “సార్, ఒక్క ముచ్చట అడుగుత. గా డీజిల్ బోర్డు మీద నా పేరు ఏ రంగుల ఉన్నదో ఎన్నడన్న చూసిండ్రా?” అన్నాడు.

ఎర్ర రంగులో. నెలన్నర నుంచీ ఎర్ర రంగులోనే ఉంది. నాకు తెలుసు.

“కీ తిప్పి దిగెటోడైతే నా పేరు పచ్చగుండాలె గద సార్. కాలు తీస్తే బందైతుందని లోడింగుల కాడ గూడ రేస్ మీదనే కాలు వెట్టుకొని కూసున్న. అందుకే డీజిల్ తాగింది. మూడు సార్లు రాసిన. మీరు మూడు సార్లు బాగున్నదని రాసిండ్రు. గిప్పుడు అబద్ధమాడేది నేనా?”

జవాబు లేనప్పుడు నా బోటి వాళ్లు చేసే పనే చేశాను, పరీక్షలో ఏం తేలితే అదే రాశానని అన్నాను. అతను తల ఊపి కూర్చున్నాడు. చాయ్ సగం తాగి వచ్చేశాను. ఆ మనిషి చెప్పిన లెక్క నా కళ్ల ముందే గోడ మీద ఎర్ర రంగులో వేలాడుతుంటే ముప్పై ఏళ్ల అనుభవజ్ఞుణ్ణయిన నేను చూడలేకపోయాను.

చదివేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం యంత్రం సంగతి చెప్పాలి. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో ఒక పంపు డీజిల్‌ను విపరీతమైన ఒత్తిడితో ఒక లావుపాటి గొట్టంలోకి నింపుతుంది. దాన్ని రైల్ అంటాం. ఇంజెక్టర్లు అక్కడి నుంచి డీజిల్ తీసుకుని సిలిండర్లలోకి చిమ్ముతాయి. పంపులోకి ఎంత డీజిల్ పోవాలో తేల్చేది దాని నోటి దగ్గరుండే మీటరింగ్ వాల్వు. చిన్నదే, గుప్పిట్లో పడుతుంది. లోపల నున్నటి సన్న పిస్టను, దాన్ని కదిపే కరెంటు చుట్ట. బండిలోని కంప్యూటర్ పెట్టె రైల్లో ఒత్తిడి చూసుకుంటూ, ఇంత తెరుచుకో, ఇంత మూసుకో అని వాల్వుకు క్షణం క్షణం చెబుతుంటుంది.

బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు వాల్వు బాగా తెరుచుకుని ఉంటుంది. అప్పుడు అది కొంచెం అంటుకున్నట్టు కదిలినా తేడా తెలియదు. కాలు తీసేసి దిగుడులో వస్తున్నప్పుడు దాదాపు మూసుకుంటుంది, ఎందుకంటే చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి. క్లచ్ తొక్కిన క్షణాన ఇంజను తన కాళ్ల మీద తాను నిలబడాలి. అప్పుడు వాల్వు వెంట్రుకవాసి తెరుచుకోవాలి. ఇంట్లో బిగుసుకుపోయిన నల్లాను పూర్తిగా తిప్పడం తేలికే, సన్నటి ధార వచ్చే దగ్గర నిలపడమే కష్టం. పిస్టను మీద మురికి, జిగట పొర కట్టి ఉంటే పెట్టె ‘కొంచెం’ అన్నప్పుడు కదలదు, ‘ఇంకొంచెం’ అంటే ఒక్కసారిగా ఎక్కువ తెరుచుకుంటుంది. ఇంజను తొమ్మిది వందలకు ఎగిరి, ఐదు వందలకు పడి, ఊగిసలాడుతుంది. మేం దాన్ని హంటింగ్ అంటాం. మూసుకున్న చోటే అంటుకుపోతే రైల్లో ఒత్తిడి పడిపోయి ఇంజను టక్కున ఆగిపోతుంది.

ఇదంతా నాకు తెలియనిదా? తెలుసు. పోశం ఫిర్యాదు చదవగానే మొదట అనుమానించాల్సింది ఆ వాల్వునేనని కూడా తెలుసు. కానీ పరీక్షలో ఇంజను బాగుంది కదా. బాగున్న ఇంజనులో వాల్వు విప్పేదెవరు?

అయినా పోశం మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. రెండు వారాల తర్వాత వేరే టిప్పర్ ఒకటి, స్టార్ట్ కావడం లేదని వర్క్‌షాప్‌కు వచ్చింది. నేను క్యాబిన్ పక్కన నిలబడి ఉన్నాను. ఉస్తాద్ బానెట్ కింద వంగి, స్టార్ట్ అనడానికి ముందు చేతిలోని స్పానర్ పిడితో పంపు మీద రెండుసార్లు కొట్టాడు. టక్, టక్. మెల్లగా, తలుపు తట్టినట్టు. తర్వాత చెయ్యి ఎత్తి స్టార్ట్ అన్నాడు. ఇంజను అందుకుంది.

ఆ చప్పుడు నేను ఎన్ని వందలసార్లు విన్నానో. పాత రకం పంపుల కాలం నుంచీ ఉన్న అలవాటది. రాత్రంతా నిలిచిన బండిలో లోపలి భాగాలు పట్టేస్తే రెండు దెబ్బలు వేసి వదిలించేవారు. తర్వాత్తర్వాత అవసరమున్నా లేకపోయినా, బండికి చెయ్యి వేసే ముందు పెట్టే దండంలాగా మారింది. కొట్టేవాడికి తాను కొట్టినట్టు గుర్తుండదు, వినేవాడికి విన్నట్టు గుర్తుండదు. ఆ రోజు మాత్రం విన్నాను. ఆ రెండు దెబ్బలు పడేది పంపు మీద, వాల్వుకు బెత్తెడు దూరంలో. అంటుకున్న పిస్టను వదులు కావడానికి అంతకంటే ఏం కావాలి?

మూడు ఫిర్యాదులప్పుడూ, ప్రమాదం తర్వాతా ఉస్తాద్ ఆ రెండు దెబ్బలు వేసే ఉంటాడు. అంటే పరీక్షించే ప్రతిసారీ మేమే లోపాన్ని మాయం చేసి, తర్వాత లోపం లేదని రాసి, రాసినందుకు ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాం.

ఉస్తాద్‌ను పక్కకు పిలిచి అడిగాను. ముందు అర్థం కాలేదతనికి. “నేను కొట్టిన్నా? ఎప్పుడు?” అన్నాడు. చేతిలోని స్పానర్ వైపు చూపించాను. చాలాసేపు దాన్నే చూశాడు.

“యా అల్లా. నలభై ఏండ్ల సంది చెయ్యి గట్లనే పోతది సార్. కొట్టినట్టు నాకే ఎరుక లేదు. గా పోరని బండికి గూడ కొట్టిన్నేమో. కొట్టే ఉంటా.” స్పానర్‌ను బల్ల మీద పెట్టి, “మల్ల చూద్దాం సార్. ఈసారి నా చేతులు జేబులల్ల వెట్టుకుంట. మీరెవ్వరు గూడ ముట్టకుండ్రి,” అన్నాడు.

పోశం టిప్పర్ మా మొదటి పరీక్ష అయినప్పటి నుంచీ యార్డులో కదలకుండా ఉంది. మర్నాడు పొద్దున సేఫ్టీ ఆఫీసరును సాక్షిగా పిలిచాను. ఆయన కుర్రవాడు, నియమం ప్రకారం ఏదైనా చేస్తామంటే కాదనలేని మనిషి. చక్రాలకు దిమ్మెలు వేయించాను. బానెట్ తెరవనివ్వలేదు. ఇంజను వేడెక్కాక, పద్దెనిమిది వందలకు రేసు చేసి ఒక్కసారిగా కాలు తీయమన్నాను. మొదటిసారే ముల్లు ఆరు వందల కిందికి పడి, ఎనిమిది వందలకు ఎగిరి, ఊగింది. రెండోసారీ అంతే. నాలుగోసారి కాలు తీయగానే ఇంజను ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. స్టార్ట్ చేసి మళ్లీ చూశాం. పదిసార్లలో మూడుసార్లు ఆగింది. ఉస్తాద్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, నుదుటి మీది చెమట కూడా తుడుచుకోకుండా నిలబడ్డాడు.

అప్పుడు అతన్ని బానెట్ ఎత్తి ఎప్పటిలాగా కొట్టమన్నాను. టక్, టక్. తర్వాత ఇరవైసార్లు రేసు చేసి వదిలాం. ఒక్కసారి కూడా ఆగలేదు. ముల్లు ఏడు వందల మీద బొమ్మలా నిలబడింది.

వాల్వు విప్పాం. పిస్టను మీద గోధుమరంగు పొర, దాంట్లో ఇసుక నలకలు. కొత్త వాల్వు వేసి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా మళ్లీ పరీక్షించాం. ఆగలేదు. నలకలు ఎక్కడివని చూస్తే, డీజిల్ ఫిల్టర్లు రెండు వందల యాభై గంటలకు మార్చాల్సింది ఐదు వందల గంటలదాకా నడపమని మేనేజరు ఇచ్చిన ఆర్డరు మా ఫైల్లోనే ఉంది. అంత దుమ్ములో పనిచేసే బండికి! దానికి నేను అభ్యంతరం రాయలేదు. నోటిమాటగా ఒకసారి అన్నాను, ఆయన చూద్దామన్నాడు, నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

రెండో నివేదిక రాశాను. ఈసారి నాలుగు పేజీలు. ఎవరు నిలబడ్డారు, ఏం ముట్టుకున్నారు, ఏం ముట్టుకోలేదు, ఎన్నిసార్లు ఆగింది, అన్నీ. ఉస్తాద్ నా వెనకే కమిటీ గదిలోకి వచ్చి, ఎవరూ అడగకముందే చెప్పాడు: “సార్, గాయన తప్పు లేదు. నా చెయ్యి చేసిన తప్పు. రాసుకోండ్రి.” ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక ఫోర్‌మన్ మేనేజరు ముందు నిలబడి ఈ మాట అనడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మేనేజరు నా నివేదిక మొదటి పేజీ చదివి పక్కన పెట్టాడు. మొదటి నివేదిక తీసి నా ముందుకు తోశాడు. “ఇది మీ సంతకమే కదా? ఏ నివేదికను నమ్మమంటారు?” అన్నాడు. పరీక్ష తప్పుగా జరిగిందన్నాను. అప్పుడు తప్పుగా జరిగితే ఇప్పుడు సరిగ్గా జరిగిందని ఏమిటి నమ్మకం అన్నాడు. ఫిల్టర్ల ఆర్డరు గురించి నివేదికలో ఎందుకు రాశారని ఆఖర్న అడిగాడు. అసలు బాధ అక్కడుందని అప్పుడు తెలిసింది. ఒక టిప్పర్‌లో వాల్వు పట్టేసిందని ఒప్పుకుంటే అదే డీజిల్ తాగిన మిగతా టిప్పర్ల సంగతేమిటని గని అధికారులు అడుగుతారు. బండ్లు ఆపాల్సి వస్తుంది. దానికంటే ఒక ఆపరేటరు నిర్లక్ష్యం తేలిక. ఆ మాట నేను పైకే అన్నాను. ఆయన నన్ను కోపం తగ్గాక రమ్మన్నాడు. నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

వారం తర్వాత కంపెనీ ఒక ఉపాయం కనిపెట్టింది. పోశానికి ఒక ఉత్తరం తయారుచేశారు: ఆపరేటరు కుటుంబ పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని, అతని నిర్లక్ష్యాన్ని ఈ ఒక్కసారికి క్షమించి, మందలింపుతో గేట్ పాస్ తిరిగి ఇస్తున్నాం. కింద అతను ‘అంగీకరిస్తున్నాను’ అని సంతకం పెట్టాలి. నన్నే ఇచ్చి, సంతకం పెట్టించుకు రమ్మన్నారు. నాకూ అది గెలుపులాగే కనబడిందని సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. పాస్ వస్తోంది కదా, కాగితం మీద ఏముంటే ఏమిటనుకున్నాను.

చాయ్ హోటల్ దగ్గర పోశం ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

“మాఫీ తప్పు చేసినోనికి సార్. నేను చెయ్యలే. దస్కతు వెట్ట.”

పెట్టకపోతే పాస్ రాదని చెప్పాను. పని పోతుందని, పిల్లల చదువు సంగతి చూసుకోమని, పెద్దమనిషి తరహాలో నాలుగు మాటలు చెప్పాను. అతను విన్నాడు. “మీరు ఇర్వై నిమిషాలల్ల దస్కతు వెట్టిండ్రు సార్. నాతోని గాదు,” అన్నాడు.

ఆ మాటకు నేను కోపం తెచ్చుకునే హక్కు కూడా లేదు. తిరిగి వచ్చి ఉత్తరం మేనేజరు బల్ల మీద పెట్టి, నా నాలుగు పేజీల నివేదిక నకలును అదే రోజు గని యాజమాన్యం తరఫు భద్రతాధికారి కార్యాలయంలో స్వయంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. నా పైఅధికారిని దాటి వెళ్లడం మా ఉద్యోగాల్లో నేరంతో సమానం. తెలిసే చేశాను. ఇచ్చే ముందు, దాని మీద సాక్షిగా సంతకం పెడతావా అని అడిగితే ఉస్తాద్ స్పానర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, పెట్టాడు.

తర్వాత జరిగినవి త్వరత్వరగా జరిగాయి. గని నుంచి మనుషులొచ్చి టిప్పర్లన్నింటినీ ఆపి పరీక్షించారు. ఇంకా నాలుగింటిలో వాల్వులు అంటుకుంటున్నట్టు తేలింది. ఫిల్టర్ల ఆర్డరు చడీచప్పుడు లేకుండా మారింది. డీజిల్ బోర్డు గోడ మీద నుంచి దిగింది. ఇవన్నీ ఎందుకు మారుతున్నాయో ఏ కాగితంలోనూ లేదు. పోశం గేట్ పాస్ రెండు నెలలకు తిరిగొచ్చింది, ఉత్తరం లేకుండా, మాట లేకుండా, సెక్యూరిటీ గార్డు చేతి మీదుగా. తప్పు లేదని చెప్పినవాళ్లు లేరు, పొరపడ్డామని అన్నవాళ్లు లేరు. నన్ను ఆ పాస్ వచ్చిన నెలలోనే ఆదిలాబాద్ వైపు ఒక రాతి క్వారీకి బదిలీ చేశారు. అక్కడ నా కింద ఒక కంప్రెసరు, రెండు జనరేటర్లు ఉండేవి.

బయల్దేరే ముందు రోజు పోశం వర్క్‌షాప్‌కు వచ్చాడు. మళ్లీ డ్యూటీలో చేరడానికి వచ్చాడనుకున్నాను. చేరడానికి కాదు, ఇంకో కాంట్రాక్టు క్యాంపులో అప్పటికే చేరిపోయాడు. తన పాత టిప్పర్ లాగ్‌బుక్కు ఒకసారి చూపించమన్నాడు. తీసి ఇచ్చాను. పేజీలు తిప్పి, మార్చి నెల మొదటి ఫిర్యాదు దగ్గర ఆగి, దాని కింద నేను రాసిన దాని మీద వేలు పెట్టాడు.

“గిది దిద్దుండ్రి సార్. గంతే.”

ఎర్ర పెన్ను తీసుకుని మూడు చోట్లా ‘బాగున్నది’ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన రాశాను: ‘ఆపరేటరు రాసినది నిజం. పరీక్షించిన పద్ధతి తప్పు. మీటరింగ్ వాల్వు అంటుకుంటున్నది.’ మూడు చోట్లా సంతకం, ఆనాటి తేదీ. పోశం మూడూ చదివాడు. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, ఉస్తాద్‌కు సలాం చెప్పి వెళ్లిపోయాడు. నాకు చెప్పలేదు.

క్యాంపు ప్రమాదాల రిజిస్టరులో టిప్పర్ పడిన తేదీ దిగువన, కారణం అనే గడిలో ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని రాసింది మాత్రం అట్లాగే ఉండిపోయింది. దిద్దమని తర్వాత రెండుసార్లు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది పనికి సంబంధించినదే. ఐడిలింగ్ ఫిర్యాదు వచ్చిన బండిని ఆపరేటరు ఎట్లా తెచ్చాడో అట్లాగే, ఏమీ ముట్టుకోకుండా, అతన్నే సీట్లో కూర్చోబెట్టి మొదటి పరీక్ష చేయాలి. లోపం కనబడకపోతే ‘బాగున్నది’ అని రాయకూడదు, ‘మాకు కనబడలేదు’ అని రాయాలి, పరీక్షకు ముందు ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో దాని కిందే రాయాలి. క్వారీలోనూ, ఆ తర్వాత రిటైరయ్యేదాకానూ నేను రాసిన ప్రతి నివేదికా అట్లాగే మొదలైంది. ఆ పద్ధతి పోశం రాసిన మొదటి ఫిర్యాదు నాటికే నాకు ఉండాల్సింది.